శబ్దం సంగతులు: ముందు మాట వినపడాలి

దీపావళి బోనస్ రోజులు దగ్గర పడినట్టున్నాయి, ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం హోమ్ థియేటర్ గురించే. మన చెన్నై పాఠకులు ఒక్కొక్కరూ ఒక్కో బడ్జెట్ చెప్పి, ఏది కొనాలో తేల్చమన్నారు. సాలిగ్రామంలో డబ్బింగ్ థియేటర్లో తెలుగు మాటలు రికార్డు చేసే పని నాది. ఆర్టిస్టు నోటి నుంచి వచ్చిన ప్రతి అక్షరమూ వినేవాడికి చేరిందా లేదా అని చూసుకోవడమే నా ఉద్యోగం. కాబట్టి నా జవాబులన్నీ ఒక్కవైపే మొగ్గుతాయని ముందే చెప్పేస్తున్నాను. చేతిలో డబ్బు కొంచెమే ఉన్నప్పుడు అది ముందు మాట కోసం ఖర్చు కావాలి. గోడలు అదరడం, వెనకనుంచి హెలికాప్టర్ రావడం ఆ తర్వాత.

మాది వేళచ్చేరిలో అద్దె ఇల్లు. హాలు వెడల్పు 10 అడుగులు, పొడవు 14. టీవీ 55 అంగుళాలు. మావారూ నేనూ కలిసి 50 వేలు పక్కన పెట్టాం. ఆయన ఏడు స్పీకర్లు, గుమ్మనే బాస్ కోసం ఒక సబ్‌వూఫరు ఉండే 7.1 కావాలంటున్నారు, షాపువాళ్ళు టీవీ ముందు పెట్టే పొడవాటి సౌండ్‌బార్ చాలంటున్నారు. మా మామయ్యగారికి డైలాగులు అర్థం కావు, సౌండు పెంచమంటారు. ఫైటు మొదలవగానే చెవులు పగిలిపోతున్నాయి తగ్గించమంటారు. సినిమా అయ్యేదాకా రిమోట్ కింద పెట్టే వీల్లేదు. ఏం కొనమంటారు?
— ఒక గృహిణి, వేళచ్చేరి

అమ్మా, మీ మామయ్యగారి బాధనుంచే మొదలుపెడతాను. ఎందుకంటే మీ ఇంట్లో తీరాల్సిన అవసరం అదే. ఆయన చెవులది తప్పనుకోకండి, అసలు కారణాలు వేరే ఉన్నాయి.

మొదటిది టీవీ. ఇప్పటి టీవీలు పలచగా ఉంటాయి, స్పీకర్లు పెట్టే చోటు లేక కిందికో వెనక్కో తిప్పి బిగిస్తారు. మాటలో స, శ, ష, చ, త లాంటి హల్లులే అర్థాన్ని మోస్తాయి. వాటి స్పష్టత చాలావరకు 2 వేల నుంచి 6 వేల హెర్ట్జ్ మధ్య ఉంటుంది. ఆ పైస్థాయి శబ్దం నేరుగా చెవి వైపు రావాలి. కిందికి తిప్పిన స్పీకర్లో అది టేబుల్‌కి, గోడకి తగిలి చెదిరిపోతుంది. గొంతులోని బరువు మాత్రం వినపడుతుంది, అక్షరాలు వినపడవు.

రెండోది సినిమా మిక్సింగు. థియేటర్లో తెర వెనకున్న ఒక్కో స్పీకరునూ 85 డెసిబెల్స్‌కి సరిచూసుకుని, పేలుడు వచ్చినప్పుడు 105 దాకా పోయేలా లెక్క కడతారు. అంత పెద్ద హాల్లో, అంత చీకట్లో, గుసగుస కూడా చక్కగా వినపడుతుంది. మన ఇంట్లో ఫ్యాన్ తిరుగుతుంది, వంటింట్లో కుక్కరు కూస్తుంది, కింద రోడ్డు మీద బస్సు పోతుంది. మనం పెట్టుకునే సౌండూ అందులో సగం ఉండదు. దాంతో చిన్న శబ్దాలన్నీ ఇంటి చప్పుడులో మునిగిపోయి, పెద్దవి మాత్రం పైకి తేలతాయి.

మూడోది, 5.1 మిక్సులో, అంటే ముందు మూడు, పక్కల రెండు స్పీకర్లకూ ఒక సబ్‌వూఫరుకూ విడివిడిగా పంచిన శబ్దంలో, మాటలు దాదాపు అన్నీ మధ్య స్పీకరుకే వెళ్తాయి. ఆ స్పీకరు మీ దగ్గర లేదు. టీవీ ఆ మాటల్ని మ్యూజిక్‌తో, ఎఫెక్టులతో కలిపి తనకున్న రెండు స్పీకర్లలోకి కుక్కుతుంది.

కాబట్టి ఇవాళే, పైసా ఖర్చు లేకుండా ఒక పని చేయండి. ఓటీటీలో సినిమా పెట్టినప్పుడు ఆడియో మెనూలోకి వెళ్ళి 5.1 బదులు స్టీరియో ట్రాక్ ఉంటే అది ఎంచుకోండి. టీవీ సౌండ్ సెట్టింగుల్లో సరౌండ్ అనే నకిలీ ఎఫెక్టు ఆన్‌లో ఉంటే తీసేయండి. చాలాసార్లు ఈ రెండింటితోనే మాట తేటపడుతుంది.

ఇక కొనే సంగతి. 7.1 గురించి మీవారికి నా మాటగా చెప్పండి: ఆ అదనపు రెండు స్పీకర్లు మీ వెనక ఉండాలి, వాటికీ మీకూ మధ్య కొన్ని అడుగుల ఖాళీ ఉండాలి. 14 అడుగుల హాల్లో సోఫా వెనక గోడకు ఆనుకుని ఉంటే అవి మీ తల మీదే మోగుతాయి. మీకు సరిపోయేది 5.1. అది కూడా ఒక్కసారిగా కొనొద్దు.

50 వేలతో ఐదు స్పీకర్లు, సబ్‌వూఫరు, శబ్దాన్ని పెంచి స్పీకర్లకు పంచే ఏవీ రిసీవరు అన్నీ ఒకేసారి కొంటే ఒక్కటీ బాగుండదు. అదే డబ్బుతో రిసీవరు, ముందు మూడు స్పీకర్లు మాత్రమే కొనండి. యమహా, డెనాన్ లాంటి కంపెనీల మొదటి మెట్టు 5.1 రిసీవర్లు సుమారు 25 నుంచి 35 వేల మధ్య దొరుకుతుంటాయి. పండగ ఆఫర్లలో కింది అంచు దగ్గరకు వస్తాయి. మిగతా డబ్బులో ఐదుంపావో ఆరున్నరో అంగుళాల వూఫరున్న బుక్‌షెల్ఫ్ స్పీకర్ల జత, అదే కంపెనీ అదే వరసలోని సెంటర్ స్పీకరు తీసుకోండి. ఈ మూడూ ఒకే వరసవి కావాలని పట్టుబట్టండి. మనిషి తెర ఎడమనుంచి కుడికి నడుస్తూ మాట్లాడుతుంటే గొంతు మారకూడదు కదా! సబ్‌వూఫరు వచ్చే ఏడు. పక్కల పెట్టే సరౌండ్ స్పీకర్లు ఆ తర్వాత. రిసీవరులో వాటి జాగా ఖాళీగా ఎదురుచూస్తుంది, ఏదీ వృథా పోదు.

సబ్‌వూఫరు వచ్చేదాకా రిసీవరు మెనూలో సబ్‌వూఫర్ 'లేదు' అని పెట్టి, ముందు స్పీకర్లను 'లార్జ్' అని పెట్టండి. అప్పుడు సబ్‌కి పోవాల్సిన బాస్ అంతా ముందు స్పీకర్లకే వెళ్తుంది. ఇది పెట్టకపోతే కొత్త సెట్టు పలచగా మోగి, మీవారు మళ్ళీ 7.1 గురించే మాట్లాడతారు. సబ్ వచ్చాక 'స్మాల్' చేసి, 80 హెర్ట్జ్ దగ్గర విభజన (క్రాసోవర్) పెట్టండి, దాని కింది శబ్దం సబ్‌కి వెళ్తుంది.

అమరికలో అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ సెంటర్ స్పీకరు మీద పెట్టాలి. మన ఇళ్ళలో దాన్ని టీవీ కింద అల్మారా గూట్లో లోపలికి తోసేసి, ముందు పూలకుండీ పెడతారు. అలా చేస్తే మాట బావిలోంచి వచ్చినట్టుంటుంది. గూటి అంచు దాకా ముందుకు లాగండి, స్పీకరు ముఖం అంచుతో సమంగానో ఒక వేలు బయటకో ఉండాలి. ఆపైన ముందు భాగం కింద రెండు రబ్బరు ముక్కలు పెట్టి కొంచెం పైకెత్తండి. సోఫాలో కూర్చున్న మనిషి చెవిని ట్వీటరు, అంటే పైస్థాయి శబ్దాలిచ్చే చిన్న స్పీకరు, చూడాలి, మోకాళ్ళను కాదు. ఆ చిన్న రబ్బరు ముక్కలతో వచ్చే తేడా, ఐదు వేలు ఎక్కువ పోసి కొన్న స్పీకరుతో కూడా చాలాసార్లు రాదు.

ఎడమ, కుడి స్పీకర్లు మీ సోఫానుంచి 9 అడుగుల దూరంలో ఉంటే, వాటి మధ్య 7 నుంచి 9 అడుగులు ఉండేలా చూడండి. మీ హాలు వెడల్పే 10 అడుగులు కాబట్టి టీవీ పొట్టి గోడ వైపు ఉంటే 7 అడుగులే పెట్టండి, పక్క గోడలకు మరీ అంటించొద్దు. ట్వీటర్లు చెవి ఎత్తులో ఉండాలి. అద్దె ఇల్లు కదా, గోడకు మేకులు కొట్టే పని లేకుండా స్టాండ్లు తీసుకోండి. వైర్లను గోడ అంచు వెంబడి అంటుకునే క్లిప్పులతో పోనివ్వండి. ఇల్లు మారితే అన్నీ ఊడదీసుకుని పోవచ్చు.

రిసీవరుతో పాటు చిన్న మైకు ఇస్తారు. దాన్ని మామయ్యగారు కూర్చునే చోట, ఆయన చెవి ఎత్తులో పెట్టి, ఫ్యాన్ ఆపి, కిటికీలు మూసి సెటప్ నడపండి. దూరాలూ లెవెళ్ళూ అదే చూసుకుంటుంది. అది అయ్యాక ఒక్క మార్పు చేతితో చేయండి: సెంటర్ లెవెల్‌ని 2 లేక 3 డెసిబెల్స్ పెంచండి. రాత్రి పూట డైనమిక్ రేంజ్ కంప్రెషన్, కొన్నిటిలో నైట్ మోడ్ అంటారు, అది ఆన్ చేస్తే ఫైటు తగ్గి గుసగుస పెరుగుతుంది. ఇన్నేళ్ళుగా రిమోట్ బటన్లతో మీరు చేస్తున్న పని అదే. ఆ పని యంత్రానికి అప్పగించేయండి.

నాకు 20 వేలు దాటదు. రిసీవరు, విడి స్పీకర్లు నా వల్ల కాదు. అలాగని వదిలేయమంటారా?
— ఒక పాఠకుడు, అంబత్తూరు

వదిలేయమని ఎందుకంటానండీ! మీ బడ్జెట్‌లో ఒకే పెట్టెలో వచ్చే సెట్టు తీసుకోండి. కానీ అందులో మూడు చూడండి. విడిగా సబ్‌వూఫరు ఉండాలి, వెనక పెట్టుకునే నిజమైన స్పీకర్లు రెండు ఉండాలి, హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీ (టీవీ శబ్దాన్ని హెచ్‌డీఎంఐ కేబుల్‌లోనే వెనక్కి తెచ్చే ఏర్పాటు) ఉండాలి. సోనీ హెచ్‌టీ-ఎస్20ఆర్ ఆ కోవలోది: ముందు బార్‌లో మూడు చానళ్ళు ఉంటాయి కాబట్టి మాటకు ప్రత్యేకంగా మధ్య స్పీకరు ఉన్నట్టే. వెనక స్పీకర్లకు వైరు లాగాలి, అది సబ్‌వూఫరు పెట్టెనుంచి వస్తుంది. కాబట్టి కొనేముందు సబ్ ఎక్కడ పెడతారో, అక్కడినుంచి సోఫా దాకా వైరు సరిపోతుందో ఇంట్లో టేపు పెట్టి కొలుచుకోండి. రెండే చానళ్ళున్న బార్‌ను 'వర్చువల్ సరౌండ్' పేరుతో ఇదే ధరకు అమ్ముతుంటే మాత్రం వద్దు.

రిచ్చీ స్ట్రీట్‌లో 5.1 అసెంబుల్డ్ సెట్టు చూశాను. అట్ట పెట్టె మీద 8000 వాట్స్ అని ఉంది, ధర 6 వేలే. పేరున్న కంపెనీ సెట్టు మీదేమో 400 వాట్స్ అని రాసి 15 వేలు పైన చెప్తున్నారు. అసెంబుల్డ్ తీసుకుంటే నష్టమా సార్?
— ఒక ఇంజినీరింగ్ విద్యార్థి, గూడువాంచేరి

బాబూ, నువ్వు ఇంజినీరింగ్ చదువుతున్నావు కాబట్టి లెక్క వేసి చూపిస్తాను. మళ్ళీ రిచ్చీ స్ట్రీట్‌కి వెళ్ళినప్పుడు ఆ సెట్టు వెనక్కి తిప్పి లేబుల్ చూడు. కరెంటు వాడకం ఎన్ని వాట్లో అక్కడ రాసి ఉంటే అది 60, 80, మహా అయితే 120 ఉంటుంది. గోడలోంచి 80 వాట్లు తీసుకున్న పెట్టె స్పీకరుకు 8000 వాట్లు ఇవ్వలేదు. ఆ పెద్ద అంకెను పీఎంపీఓ అంటారు. దానికి ఒప్పుకున్న కొలత పద్ధతంటూ ఏదీ లేదు, అమ్మేవాడి ఇష్టం. నువ్వు చూడాల్సింది ఏకధాటిగా ఇవ్వగల వాట్లు చెప్పే ఆర్‌ఎంఎస్ ఒక్కటే.

లేబుల్ లేకపోతే మూత తీయించు. ఆ వీధిలో, పక్కనున్న నరసింగపురం వీధిలో చాలామంది మూత తీసి చూపించడానికి వెనకాడరు, నిజంగా పని తెలిసినవాళ్ళు సంతోషంగా చూపిస్తారు. ముందు ట్రాన్స్‌ఫార్మరు చూడు. 12-0-12, 5 ఆంపియర్లు అని ఉంటే 24ను 5తో గుణించు, 120. అంతకు మించి ఆ పెట్టెలోకి పవర్ రాదు, అందులోనూ శబ్దాన్ని పెంచే ఐసీ చిప్పులు వేడి రూపంలో దాదాపు సగం మింగేస్తాయి. తర్వాత హీట్‌సింక్‌కి బిగించిన ఐసీ నంబరు చదువు. ఎల్ఏ4440 అయితే స్టీరియోలో ఒక్కో చానలుకు 6 వాట్లు, రెండు చానళ్ళనూ ఒకటిగా కలిపి బ్రిడ్జ్ చేస్తే 19. అది చెడ్డ ఐసీ కాదు, కార్ స్టీరియోల్లో ఏళ్ళ తరబడి వాడారు. కానీ దాని ముందు 8000 అని రాయడం కొనేవాడిని మోసం చేయడమే.

అసెంబుల్డ్ అన్న మాటకే భయపడనక్కర్లేదు. మంచి పనివాడు దొరికితే మన ఊళ్ళో ఆ డబ్బుకు కంపెనీ సెట్టు ఇవ్వని శబ్దం దొరుకుతుంది. నాకు అడిగితే ఇలా కట్టించుకోమంటాను: టీడీఏ7294 ఐసీతో బోర్డులు, 24-0-24 వోల్టుల 5 ఆంపియర్ల ట్రాన్స్‌ఫార్మరు. ఆ 24 ఏసీ, డయోడ్లూ కెపాసిటర్లూ దాటాక సుమారు 33 వోల్టుల డీసీ అవుతుంది, ప్లస్ ఒకటి, మైనస్ ఒకటి. ఆ ఐసీకి అది సుఖంగా పనిచేసే వోల్టేజీ. 8 ఓమ్‌ల స్పీకరుకు ఒక్కో చానలు 50 వాట్లు దాటి ఇస్తుంది. ట్రాన్స్‌ఫార్మరు మొత్తం 240 వీఏ (వోల్టులు ఇంటు ఆంపియర్లు) కాబట్టి అన్ని చానళ్ళూ కలిపి ఏకధాటిగా 150 వాట్లు వస్తే గొప్ప. నీ గదికి అది ఎక్కువే. పవర్ రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి శబ్దం రెట్టింపు అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ కావాలి, అంటే పది రెట్లు పవర్. అందుకే 50 వాట్లకీ 100 వాట్లకీ తేడా జనం అనుకున్నంత ఉండదు. అదే డబ్బు మంచి స్పీకరు మీద పెడితే తేడా వెంటనే తెలుస్తుంది.

ఇంకో రెండు మాటలు. చాలా అసెంబుల్డ్ సెట్లలో 5.1 అని రాసినా లోపల స్టీరియోనే విడదీసి ఆరు చానళ్ళకు పంచే బోర్డు ఉంటుంది. సినిమా శబ్దాన్ని అసలు చానళ్ళుగా విప్పే డాల్బీ డిజిటల్, డీటీఎస్ డీకోడరు బోర్డు విడిగా వేయించు. ఆప్టికల్ ఇన్‌పుట్ (వెలుతురు రూపంలో శబ్దం తెచ్చే కేబుల్ పెట్టే చోటు) ఉన్నది అడుగు. లేదంటే సినిమాలో మాటలు మధ్య స్పీకరులోకి శుభ్రంగా రావు. రెండోది, ఇనప పెట్టెకు మూడు పిన్నుల ప్లగ్గూ, ఎర్త్ తీగ పెట్టెకు గట్టిగా బిగించి ఉండటమూ తప్పనిసరి. రెండు పిన్నుల వైరుతో ఇస్తే తీసుకోకు. హాస్టల్ గదిలో ఆ పెట్టెను నువ్వొక్కడివే ముట్టుకోవు కదా.

సెకండ్ హ్యాండ్‌లో ఒక పేరున్న రిసీవరు 12 వేలకు వస్తోంది. అమ్మేవాళ్ళది అణ్ణానగర్, మనిషి నమ్మకస్తుడే. 2008 మోడల్. కొనొచ్చా? టీవీకి ఏఆర్‌సీ ఉంది, రిసీవరుకు ఉందో లేదో తెలియదు.
— ఒక బ్యాంకు ఉద్యోగి, విల్లివాక్కం

ఉండదు. ఏఆర్‌సీ 2009లో హెచ్‌డీఎంఐ 1.4తో వచ్చింది. కానీ అంతమాత్రాన ఆ రిసీవరు పనికిరానిది కాదు. టీవీనుంచి ఆప్టికల్ కేబుల్ వేయండి, డాల్బీ డిజిటల్ 5.1 చక్కగా వెళ్తుంది. ఓటీటీలు ఎక్కువగా పంపేది డాల్బీ డిజిటల్ ప్లస్. అది ఆప్టికల్‌లో వెళ్ళదు కాబట్టి టీవీ మెనూలో డిజిటల్ ఆడియో అవుట్‌పుట్‌ను డాల్బీ డిజిటల్ అని పెట్టాలి. చాలా టీవీలు అప్పుడు తామే మార్చి ఇస్తాయి. పీసీఎం (టీవీయే విప్పేసిన శబ్దం) అని వదిలేస్తే రిసీవరుకు స్టీరియో మాత్రమే చేరుతుంది. 'ఐదు స్పీకర్లు పెట్టినా వెనకవి మోగట్లేదు' అని నాకు వచ్చే ఉత్తరాల్లో తప్పు దాదాపు ఎప్పుడూ ఈ ఒక్క సెట్టింగుదే. ఏఆర్‌సీ ఉన్న కొత్త రిసీవరయితే ప్లస్ కూడా పోతుంది, అందులో వచ్చే, తల పైనుంచి కూడా శబ్దం వినిపించే అట్మాస్ కూడా. బ్లూరే డిస్కుల్లోని, నాణ్యత తగ్గించని ట్రూహెచ్‌డీ శబ్దాన్ని టీవీ మీదుగా రిసీవరుకు పంపాలంటేనే ఏఆర్‌సీ కంటే పై మెట్టు ఈఏఆర్‌సీ అవసరం. ఓటీటీలోనే సినిమాలు చూసే ఇంటికి దాని కోసం ఎక్కువ డబ్బు పెట్టనక్కర్లేదు.

చూడటానికి వెళ్ళినప్పుడు ఒక స్పీకరు వెంట తీసుకెళ్ళండి. టెస్ట్ టోన్ పెట్టి ఐదు చానళ్ళకూ వరసగా దాన్నే మార్చి మార్చి తగిలించి వినండి. సౌండ్ నాబ్ మెల్లగా తిప్పుతుంటే కరకరమంటే కాంటాక్ట్ క్లీనర్ స్ప్రేతో పోతుంది, దానికి బేరం ఆడండి చాలు. అరగంట మోగనిచ్చి పైన చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉండటం మామూలే, చెయ్యి పెట్టలేనంత కాలితే వదిలేయండి. నేను చూసిన పాత రిసీవర్లలో ముందు పోయేది హెచ్‌డీఎంఐ బోర్డు. మీరు ఆప్టికల్ వాడతారు కాబట్టి అది పోయినా మీకు బాధ లేదు. ఆ ధరకు మాత్రం నేను కొనను. 8 వేల దగ్గర మాట్లాడండి.

స్పీకర్ వైరు మీటరు 40 నుంచి 400 దాకా చెప్తున్నారు. ఏది?
— ఒక పాఠకుడు, తాంబరం

రాగి ఏది అయితే అది. 16 గేజ్ రాగి తీగ 10 మీటర్లు లాగితే, పోయేదీ వచ్చేదీ కలిపి నిరోధం సుమారు పావు ఓమ్. 8 ఓమ్‌ల స్పీకరు ముందు అదొక లెక్క కాదు. ఇంటి వైరింగుకు వాడే 1.5 చదరపు మిల్లీమీటర్ల ఫ్లెక్సిబుల్ రాగి వైరు ఇంకొంచెం లావే, నిశ్చింతగా వాడండి. జాగ్రత్త పడాల్సిందల్లా అల్యూమినియం మీద రాగి పూత పూసిన రకం విషయంలోనే. పైకి ఎర్రగా మెరుస్తుంది, 'సీసీఏ' అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఒక పోగు తీసి బ్లేడుతో గీకండి. లోపల తెల్లగా కనపడితే అదే, వద్దు. తిరువాన్మియూరు, బీసెంట్ నగర్ వైపు సముద్రపు గాలికి వట్టి తీగ చివర్లు ఏడాది తిరిగేసరికి నల్లబడతాయి. అక్కడివాళ్ళు తీగ చివరలకు తొడిగే బనానా ప్లగ్గులు బిగించుకోవడం మంచిది, లేదంటే ఏడాదికోసారి అర అంగుళం కత్తిరించి కొత్త చివర పెట్టండి.

మా బెడ్‌రూమ్ 10 అడుగులు, 12 అడుగులు. కొత్త సబ్‌వూఫరు మూలలో పెట్టాం. కొన్ని పాటలకు గది మొత్తం బుడుంబుడుంమని ఒకటే మోత. కింది ఫ్లాట్ ఆంటీ రెండుసార్లు పైకి వచ్చి వెళ్ళారు. అప్పటినుంచి సినిమా పెడితే టెన్షన్‌గా ఉంది. గోడలకు గుడ్ల అట్టలు అంటిస్తే శబ్దం ఆగుతుందా?
— ఒక ఉద్యోగిని, పోరూరు

గుడ్ల అట్టలు వద్దమ్మా. వాటితో ఏ శబ్దమూ బయటకు పోకుండా ఆగదు, పైగా నిప్పు అంటుకుంటే ప్రమాదం. మీ మోతకు కారణం గది కొలతలు. మన ఊరి వేడికి గాలిలో శబ్దం సెకనుకు సుమారు 350 మీటర్లు పోతుంది. 12 అడుగుల పొడవుకు 48 హెర్ట్జ్ దగ్గర, 10 అడుగుల వెడల్పుకు 57 హెర్ట్జ్ దగ్గర గోడకూ గోడకూ మధ్య శబ్దం నిలబడిపోతుంది. మీ కప్పు కూడా 10 అడుగులుంటే అదీ 57 దగ్గరే, రెండూ కలిసి ఇంకా మోగుతాయి. పాటలో బాస్ గిటారు ఆ స్వరం తాకినప్పుడల్లా గది పట్టుకుంటుంది. మూలలో పెట్టిన సబ్‌వూఫరు ఈ మోతలన్నిటినీ పూర్తిగా రేపుతుంది.

దీనికి ఒక పాత ఉపాయం ఉంది, చూడటానికి వింతగా ఉంటుంది గానీ పనిచేస్తుంది. సబ్‌వూఫరును ఎత్తి మీరు కూర్చునే చోట, మంచం మీదే పెట్టండి. బాస్ నడక ఎక్కువున్న పాట ఒకటి మళ్ళీ మళ్ళీ మోగనివ్వండి. ఇప్పుడు గది అంచుల వెంబడి, చెవి నేల దగ్గర ఉండేలా వంగి మెల్లగా తిరగండి. ఒక చోట ఒక్క స్వరమే గుమ్మంటుంది, ఇంకో చోట బాస్ మాయమవుతుంది. ఎక్కడ స్వరాలన్నీ ఒకే బలంతో, విడివిడిగా వినపడతాయో అక్కడ చాక్‌పీసుతో గుర్తు పెట్టండి. సబ్‌ను అక్కడ పెట్టి మీ చోటికి వెళ్ళి వినండి. సబ్ వెనక ఉన్న, కోన్ కదలికను తిరగేసే ఫేజ్ స్విచ్‌ను 0, 180 రెండిట్లో పెట్టి, మగ గొంతు ఎందులో నిండుగా ఉంటే అందులో వదిలేయండి. మంచం తల వెనక గోడకు ఆనుకుని ఉంటే ఒక అడుగైనా ముందుకు జరపండి, గోడ దగ్గర బాస్ ఎప్పుడూ ఎక్కువే.

ఆంటీ సంగతి. సబ్ కింద మందపాటి రబ్బరు మ్యాట్ వేస్తే నేలకు నేరుగా తగిలే అదురు తగ్గుతుంది. గాలిలోంచి శ్లాబుకు పోయే బాస్‌ను మాత్రం అది ఆపదు. దాన్ని ఆపాలంటే గదిలో గది కట్టాలి, మేము స్టూడియోల్లో చేసేది అదే. మీరు చేయగలిగింది రాత్రి 9 దాటాక సబ్ లెవెల్‌ని 6 డెసిబెల్స్ దించడం, నైట్ మోడ్ పెట్టడం. అవి చేశాక మీరే ఒకసారి కిందికి వెళ్ళి ఆంటీగారి హాల్లో కూర్చుని ఎంత వినపడుతోందో వినండి. ఆవిడ సరే అన్న చోట నాబ్ మీద గుర్తు పెట్టుకోండి.

మా నాన్నగారు 90ల్లో కొన్న స్పీకర్ల జత నెల్లూరునుంచి తెచ్చుకున్నాను. ఆయన లేరు. వూఫర్ల చుట్టూ ఉన్న స్పాంజి పొడిపొడిగా రాలిపోతోంది. పారేయడానికి చేతులు రావట్లేదు. బాగవుతాయా?
— ఒక పాఠకుడు, మాధవరం

తప్పకుండా బాగవుతాయి, పారేయకండి. ఫోమ్ అంచులు మన తేమకు పది పదిహేనేళ్ళలో అలాగే రాలతాయి, స్పీకరు చెడిపోయినట్టు కాదు. కోన్ మధ్య ఉన్న గుండ్రటి మూతకు అటూ ఇటూ రెండు చేతుల వేళ్ళు సమానంగా ఆనించి, చాలా మెల్లగా లోపలికి నొక్కండి. గరగరమనకుండా మెత్తగా పోయి వెనక్కి వస్తే లోపలి కాయిల్ బాగున్నట్టే, అంచు మార్పిస్తే చాలు. గీసుకుంటే కోన్, కాయిల్ మార్చే రీకోనింగ్ చేయించాలి, ఖర్చు కొంచెం ఎక్కువ. రెండు పనులూ చేసేవాళ్ళు రిచ్చీ స్ట్రీట్ చుట్టుపక్కల ఉన్నారు. ఈసారి రబ్బరు అంచు వేస్తామంటారు. ఎక్కువకాలం మన్నుతుంది నిజమే గానీ బరువు కాబట్టి మీ స్పీకరు బాస్ తీరు మారిపోతుంది. నాన్నగారు విన్నట్టే వినాలనుకుంటే మళ్ళీ ఫోమే వేయించండి.

తిరిగి వచ్చాక బిగించేముందు ఒక 1.5 వోల్టుల పెన్సిల్ సెల్ తీసుకుని, ప్లస్‌ను ఎర్ర టెర్మినల్‌కి, మైనస్‌ను నల్లదానికి ఒక్క క్షణం తాకించండి. కోన్ బయటకు రావాలి. రెండు స్పీకర్లలోనూ అలాగే రావాలి. ఒకటి బయటకూ ఒకటి లోపలికీ పోతే ఎవరో వైర్లు తారుమారు చేశారన్నమాట. అలా వాడితే బాస్ అంతా ఒకదాన్నొకటి కొట్టేసుకుని, గాయకుడు ఎక్కడ నిలబడ్డాడో తెలియకుండా పోతుంది. కొత్త రిసీవరుకు ఇవి ముందు జతగా చక్కగా సరిపోతాయి, వెనక చీటీ మీద 6 లేక 8 ఓమ్‌లు అని ఉందో లేదో మాత్రం చూసుకోండి.

అన్నీ బిగించాం, సినిమా ఆపినా స్పీకర్లలో సన్నగా 'మ్‌మ్‌...' అని హమ్ వస్తోంది. ఎర్త్ పిన్ను తీసేస్తే పోతుందని ఒకరు చెప్పారు. తీసేయనా?
— ఒక పాఠకురాలు, పెరంబూరు

తీయొద్దు. ఎట్టి పరిస్థితుల్లోనూ తీయొద్దు. ఆ పిన్ను మీ ప్రాణం కోసం ఉంది. ముందు రిసీవరు వెనక కేబుళ్ళు ఒక్కొక్కటే తీస్తూ వినండి. కేబుల్ టీవీ లేక డిష్ వైరు సెట్‌టాప్ బాక్సునుంచి ఊడదీయగానే హమ్ ఆగిపోతే, టెర్రస్ మీది ఎర్తుకూ మీ ఇంటి ఎర్తుకూ తేడా ఉన్నట్టు. ఆ వైరు మధ్యలో పెట్టి రెండు ఎర్తులనూ విడదీసే ఐసొలేటరు చిన్నది దొరుకుతుంది. లేదా సెట్‌టాప్ బాక్సునుంచి శబ్దాన్ని ఆప్టికల్ ద్వారా తీసుకోండి, అందులో పోయేది వెలుతురు కాబట్టి హమ్ దాటి రాదు. టీవీ, రిసీవరు, సబ్‌వూఫరు మూడిటి ప్లగ్గులూ ఒకే మంచి ఎక్స్‌టెన్షన్ బోర్డులో పెట్టి చూడండి. అప్పటికీ తగ్గకపోతే ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి మీ సాకెట్‌లో ఎర్త్ అసలు ఉందో లేదో మీటరు పెట్టించి చూడండి. పాత అపార్ట్‌మెంట్లలో మూడో రంధ్రం ఉంటుంది గానీ దాని వెనక తీగ ఉండని ఇళ్ళు చాలా ఉన్నాయి. అలా తేలితే రిసీవరు సంగతి పక్కన పెట్టి, ఫ్రిజ్, గీజరు సాకెట్లు కూడా ఆ రోజే చూపించుకోండి.